'వెరీ' అను చిన్న మాట: ఆంగ్ల బైబిలులో తీవ్రతను తెలుపు క్రియావిశేషణముల చరిత్ర

కొన్ని సంవత్సరముల క్రితము సంఘ చరిత్ర తరగతిలో నైసియా విశ్వాస ప్రమాణమును ఆంగ్లము నుండి తెలుగులోనికి వ్రాయుమని విద్యార్థులకు ఇచ్చాము. పాత ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథములోని పాఠమే ఇచ్చాము. అందులో కుమారుని గూర్చి చెప్పుచోట 'వెరీ గాడ్' అను మాట రెండు మార్లు వస్తుంది. ఒక విద్యార్థి దానిని 'చాలా దేవుడు' అని అనువదించాడు. తరగతి అంతా నవ్వింది. అతడు కూడా నవ్వాడు గాని, 'వెరీ' అంటే 'చాలా' అని ఆరవ తరగతి నుండి తమకు నేర్పినదే గదా అని అడిగాడు. అతని ప్రశ్న న్యాయమైనదే. ఆ రోజు మేము చెప్పిన జవాబు సంతృప్తికరముగా లేదు. ఈ వ్యాసము ఆ జవాబును మరల చెప్పుటకు చేసిన ప్రయత్నము.

ఆ పొరపాటు నవ్వుకొని విడిచిపెట్టదగినది కాదని మా అభిప్రాయము. 'చాలా' అనునది కొలతను చెప్పే మాట. చాలా ఎత్తు, కొంచెము ఎత్తు, మరింత ఎత్తు అని మెట్లు ఉన్నచోటనే దానికి పని. దైవత్వములో మెట్లున్నవనియు, తండ్రి సంపూర్ణముగా దేవుడనియు, కుమారుడు దేవుడని పిలువబడినను సత్యదేవుడు కాడనియు బోధించినవాడు అరియస్. క్రీ.శ. 325లో నైసియాలో కూడిన పితరులు ఆ మెట్లను తీసివేయుటకే 'సత్యదేవుని నుండి సత్యదేవుడు' అను అర్థమిచ్చు మాటలను ప్రమాణములో చేర్చారు. గ్రీకులో అక్కడ ఉన్న పదము 'అలేథినోస్', లాతినులో 'వేరుస్'. రెండింటికీ నిజమైన, సత్యమైన అని అర్థము. ఆంగ్లములోని 'వెరీ' కూడా ఆ లాతిను మాట కుటుంబములోనిదే. మన విద్యార్థి తెలియక అరియస్ ఒప్పుకొనదగిన పాఠమును వ్రాశాడు. ఆ ప్రమాణమునకు 2025లో 1700 సంవత్సరములు నిండినవి. ఆంగ్ల పాఠము నుండి దానిని నేర్చుకొను మన విద్యార్థులకు ఈ ఒక్క మాట చరిత్రయైనను తెలిసియుండుట అవసరము.

సత్యము నుండి కొలతకు

'వెరీ' ఆంగ్లేయుల సొంత మాట కాదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు ఆ భాషలోనికి గుంపులుగా వచ్చినవి. నిజమైన అని అర్థమిచ్చు 'వెరై' అను ఫ్రెంచి విశేషణము వాటిలో ఒకటి. 14వ శతాబ్దములో విక్లిఫ్ అనుచరులు లాతిను వుల్గాతా నుండి బైబిలును ఆంగ్లములోనికి తెచ్చినప్పుడు, యోహాను సువార్త 15వ అధ్యాయారంభములో ప్రభువు తన్ను గూర్చి చెప్పిన ద్రాక్షావల్లి మాట దగ్గర 'వెరీ' అనే విశేషణమునే వాడారు. చాలా ద్రాక్షావల్లి అని ఎవ్వరును అనుకొనలేదు. నిజమైన ద్రాక్షావల్లి అనియే చదివారు. 1526లో టిండేలు అదే చోట 'ట్రూ' అని వ్రాశాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదకులు టిండేలు మాటనే నిలిపారు.

విశేషణము క్రియావిశేషణముగా ఎట్లు మారినది? ఇది ఒక్క రోజులో జరిగినది కాదు. ఒక నామమునకు ముందు రెండు మూడు విశేషణములు వరుసగా నిలిచినప్పుడు మొదటిది నామమును వర్ణించుచున్నదా, ప్రక్కనున్న విశేషణమును వర్ణించుచున్నదా అను సందేహము వస్తుంది. 'నిజమైన, మంచి సేవకుడు' అన్నప్పుడు నిజమైనది సేవకుడు. ఆ కామాను తీసివేసి వేగముగా పలికితే 'నిజముగా మంచి సేవకుడు' అని వినబడును. చాసర్ తన కాంటర్‌బరీ కథల ఉపోద్ఘాతములో యోధుని వర్ణించినచోట సరిగా ఈ సందిగ్ధతయే ఉన్నది. నేటికిని చదువరులు అక్కడ 'వెరీ'ని చాలా అని పొరబడుతుంటారు. ఇట్టి వాడుక వేలమార్లు జరుగగా 15వ, 16వ శతాబ్దముల నాటికి 'వెరీ' విశేషణమునకు ముందు నిలిచి దాని బలమును పెంచే మాటగా స్థిరపడినది.

కింగ్ జేమ్స్ అనువాదము ఈ మార్పునకు సరిగా నడిమధ్యలో నిలిచినది. అందుచేత ఒకే గ్రంథములో, ఒకే కాండములో రెండు 'వెరీ'లు కనబడును. ఆదికాండము 1:31లో దేవుడు తన సృష్టిని చూచి 'వెరీ గుడ్' అని ఎంచెను. ఇది మనకు తెలిసిన 'వెరీ', తెలుగులో 'చాలమంచిది'. ఆదికాండము 27:21లో గ్రుడ్డివాడైన ఇస్సాకు తన యెదుట నిలిచినవాడు తన 'వెరీ సన్' అవునో కాదో తడవి చూడగోరెను. ఇది పాత 'వెరీ', నిజమైన కుమారుడు. ఆ ఘట్టములో నిజము, మోసము అను సంగతియే ముఖ్యము. దానిని 'చాలా' అని చదివితే కథయే పోవును. యోహాను 7:26లో యెరూషలేమువారు యేసును గూర్చి మాట్లాడుకొనునప్పుడు వచ్చే 'వెరీ క్రైస్ట్' కూడా అట్టిదే. 1549లో క్రాన్మరు సిద్ధపరచిన ప్రార్థనా గ్రంథములోని విశ్వాస ప్రమాణము పాత అర్థమును పట్టుకొని, 1662 పాఠము ద్వారా మన వరకు వచ్చినది. 1970లలో సంఘములు కలిసి సిద్ధపరచిన ఆంగ్ల పాఠములో ఆ చోట 'ట్రూ' అని మార్చారు. అది మంచి పనియే. అయితే పాత ప్రార్థనా గ్రంథమును అనుసరించు సంఘములలో పాత మాట ఇంకను వినబడుచున్నది.

నక్షత్రమును చూచిన సంతోషము

ఈ మాటల చరిత్రను చూచుటకు మత్తయి 2:10 కంటె అనుకూలమైన వచనము మాకు కనబడలేదు. జ్ఞానులు నక్షత్రమును చూచి సంతోషించిన వచనమది. గ్రీకులో సంతోషము, దానిపై 'గొప్ప' అను విశేషణము, దానిపై 'స్ఫోద్ర' అను తీవ్రతా పదము ఉన్నవి. స్ఫోద్ర అనగా ఉధృతముగా, బలముగా అని మూలార్థము. సెప్టువజింతులో హెబ్రీ 'మెఓద్'కు తరచుగా వాడబడిన గ్రీకు మాట ఇదే. గొప్ప అను మాట తరువాత తీవ్రతా పదము వచ్చుట కూడా హెబ్రీ వరుసయే. వుల్గాతాలో ఆ స్థానమున 'వల్దే' ఉన్నది.

10వ శతాబ్దాంతమున వెస్ట్ సాక్సన్ మాండలికములో చేయబడిన సువార్తల అనువాదములో ఈ సంతోషమునకు ముందు 'స్వీథె' అను మాట ఉన్నది. ఆ కాలపు ఆంగ్లములో చాలా అనుటకు అదే అందరి మాట. 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిలులో స్వీథె లేదు. దాని స్థానమున 'ఫుల్' వచ్చినది, నిండుగా గొప్ప సంతోషము అన్నట్లు. 1526లో టిండేలు సంతోషమను నామమును విడిచి, వారు 'మార్వెలస్‌లీ' సంతోషించిరని వ్రాశాడు, అనగా ఆశ్చర్యకరముగా. 1560 నాటి జెనీవా బైబిలులో 'ఎక్సీడింగ్' వచ్చినది. 1611లోను 1881 సవరణలోను అదే నిలిచినది. 1946 నాటి రివైజ్డ్ స్టాండర్డ్ అనువాదములో దానికి 'లీ' తోక చేరి 'ఎక్సీడింగ్‌లీ' అయినది. 1970లలో వచ్చిన న్యూ ఇంటర్నేషనల్ అనువాదములో తీవ్రతా పదమే లేదు. 'ఓవర్‌జాయ్డ్' అను ఒక్క మాటలో సంతోషమును, దాని అతిశయమును కలిపివేశారు. లూథరు జర్మను భాషలో దాదాపు 450 సంవత్సరముల ముందే ఇట్లు కలిపి వ్రాశాడు. మన తెలుగు బైబిలులోని 'అత్యానందభరితులై' అను సమాసము కూడా ఆ జాతిలోనిదే.

ఒక్క వచనములో వెయ్యేండ్లలో ఇన్ని మాటలు మారినవి. అదే వచనములో నక్షత్రము, సంతోషము అను మాటలను చూడండి. వాటి అక్షరక్రమము మారినదే గాని, నక్షత్రమునకు వెస్ట్ సాక్సన్ కాలములో ఉన్న మాటయే నేటికిని ఉన్నది. తీవ్రతా పదము మాత్రము మరల మరల అరిగిపోవుచున్నది. కార్నెలిస్ స్టోఫెల్ అను డచ్చి పండితుడు 1901లోనే ఈ మాటలపై ఒక పుస్తకము ప్రచురించి, అవి ఏ ఏ అర్థముల నుండి పుట్టినవో చూపాడు.

బలము, బాధ

స్వీథె అను మాట 'బలమైన' అను విశేషణము నుండి వచ్చినది. బలముగా మంచిది అనగా చాలా మంచిది. లాతిను 'వల్దే' కూడా బలము గల అని అర్థమిచ్చు 'వాలిదుస్' నుండి పుట్టినదే. స్ఫోద్రను పైన చూశాము. ఇక హెబ్రీ 'మెఓద్' సంగతి దేవుని వాక్యమును బోధించువారందరు గుర్తుంచుకొనదగినది. పాత నిబంధనలో వందల చోట్ల అది క్రియావిశేషణము; ఆదికాండము 1:31లో మంచిదను మాట తరువాత వచ్చినది అదే. ద్వితీయోపదేశకాండము 6:5లో మాత్రము, దానిని అనుసరించు 2 రాజులు 23:25లోను, అది నామవాచకముగా నిలిచినది. హృదయము, ఆత్మ అను రెండింటి తరువాత మూడవదిగా 'నీ మెఓద్' అంతటితో దేవుని ప్రేమింపవలెనని మోషే ఆజ్ఞ. తెలుగులో 'పూర్ణశక్తి' అని ఉన్నది. సెప్టువజింతు దానిని 'దునామిస్' అని, అనగా శక్తి అని అనువదించినది. యూదుల మిష్నాలో బెరాఖోత్ అను భాగము 9వ అధ్యాయములో రబ్బీలు దానిని ధనము అని వివరించారు, నీకున్న ఆస్తి అంతటితో అని. 'నీ చాలా అంతటితో' అను వింతయైన పదబంధము ఎదురైనప్పుడు అనువాదకులు, రబ్బీలు తమ తమ మార్గములలో దాని బరువును తూచారు.

ఇంగ్లండులోని గ్రామీణుడు, రోము నగరవాసి, హెబ్రీ కాపరి ఒకరినొకరు ఎరుగకయే బలమను మాటను చాలా అను మాటగా మార్చుకున్నారు. దీనిలో ఒకరి నుండి ఒకరు అప్పు తెచ్చుకొన్నది ఏదియు లేదు. మనుష్యుల నోట ఈ మార్పు సహజముగా జరుగుచున్నది.

బాధ నుండి పుట్టిన మాట ఇంకొకటి ఉన్నది. లూకా 2:9లో దూతను చూచిన కాపరుల భయమును కింగ్ జేమ్స్ అనువాదము 'సోర్ అఫ్రెయిడ్' అని చెప్పును. క్రిస్మస్ నాటికలలో ఈ మాట పలికే పిల్లలలో చాలమంది 'సోర్' అనగా పుండు, నొప్పి అని విని తికమకపడతారు. వారు పూర్తిగా పొరబడుట లేదు. పాత ఆంగ్లములో 'సారె' అనగా నొప్పికలుగునట్లు. అక్కడి నుండి తీవ్రముగా, మిక్కిలి అను అర్థము వచ్చినది. జర్మనులో చాలా అనుటకు నేటికిని వాడుచున్న 'జేర్' అను మాట దీనికి తోబుట్టువే. లూథరు తన బైబిలులో అదే లూకా 2:9లో కాపరులు 'జేర్' భయపడిరని వ్రాశాడు. కాబట్టి ఒకే వచనములో రెండు భాషల బైబిళ్లు ఒకే మూలపదమును వాడినవి. జర్మనులో ఆ మాట బ్రదికి రోజువారీ మాట అయినది. ఆంగ్లములో క్రియావిశేషణముగా చనిపోయి, పుండు అను అర్థములో మాత్రము మిగిలినది. గ్రీకులో అక్కడ అట్టి క్రియావిశేషణమేదియు లేదు; వారు గొప్ప భయము భయపడిరి అని ఉన్నది. తెలుగు అనువాదకులు 'మిక్కిలి భయపడిరి' అన్నారు.

బిషప్పు రాబర్ట్ లోత్ వ్యాకరణము

పాత నిబంధన కవిత్వమును చదివిన విద్యార్థులకు లోత్ పేరు తెలియనిది కాదు. ఆక్స్‌ఫర్డులో కవిత్వ ఆచార్యుడుగా ఉన్నప్పుడు ఆయన లాతినులో ఇచ్చిన ఉపన్యాసములు 1753లో ప్రచురింపబడినవి. హెబ్రీ కవిత్వములోని సమాంతర పాదములను గూర్చి మనము తరగతిలో చెప్పే పాఠమునకు పునాది అదే. 1778లో యెషయా గ్రంథమునకు నూతన అనువాదము చేశాడు. 1777 నుండి 1787లో మరణించువరకు లండను బిషప్పు. 1783లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు పదవిని ఇవ్వజూపగా వద్దన్నాడు. ఇంతవరకు మన పాఠ్యపుస్తకములలో ఉన్నది. ఆయనే 1762లో ఆంగ్ల వ్యాకరణమొకటి వ్రాశాడనియు, తరువాతి తరములు నేర్చుకొన్న అనేక నియమములు దాని నుండి వచ్చినవనియు మన పుస్తకములు చెప్పవు. తన చిన్న కుమారుని కొరకు ఆ వ్యాకరణమును మొదలుపెట్టాడట.

విశేషణమును మార్పు లేకుండ క్రియావిశేషణముగా వాడుట ఆంగ్ల భాషా స్వభావమునకు తగదని లోత్ అందులో వ్రాశాడు. ఉదాహరణలకు చిన్నవారిని తీసుకొనలేదు. షేక్‌స్పియరు, డ్రైడెను, క్లారెండను, స్విఫ్టు మొదలైనవారి వాక్యములను ఎత్తి చూపాడు. 'ఎక్స్‌ట్రీమ్ అన్‌విల్లింగ్' అనుట తప్పు, 'లీ' చేర్చవలెను అని ఆయన భావము. ఈ నియమమును 1795లో యార్కులో లిండ్లీ మర్రే ప్రచురించిన వ్యాకరణము వంటివి లోకమంతట వ్యాపింపజేసినవి. దాని ప్రకారము చూచితే కింగ్ జేమ్స్ బైబిలులోని 'ఎక్సీడింగ్ గ్రేట్', 'ఎక్సీడింగ్ గుడ్' మొదలగునవన్నియు తప్పులగును. సంఖ్యాకాండము 14:7లో యెహోషువ, కాలేబులు కనానును పొగడినప్పటి మాట అట్టిదే. హెబ్రీలో అక్కడ 'మెఓద్' రెండు మార్లు ఉన్నది, మన భాషలో 'చాలా చాలా' అన్నట్లు. తెలుగులో 'మిక్కిలి మంచి దేశము'. 1952లో రివైజ్డ్ స్టాండర్డ్ పాత నిబంధన వచ్చునప్పటికి వ్యాకరణము గెలిచినది, 'ఎక్సీడింగ్‌లీ గుడ్' అయినది.

లోత్ బైబిలు పాఠమును కూడా విడువలేదు. ఒకదానిపై ఒకటి పెట్టిన అతిశయార్థకములు సరికావని చెప్పుచు, అపొస్తలుల కార్యములు 26:5లో పౌలు తన పూర్వపు మతశాఖను గూర్చి చెప్పిన 'మోస్ట్ స్ట్రెయిటెస్ట్' అను మాటను, మార్కు 10:44లోని 'చీఫెస్ట్' అను మాటను చూపాడు. ఇది ఆంగ్ల బైబిలుపై ద్వేషము కాదు. ఆంగ్ల భాషకు అదే మిక్కిలి మేలైన ప్రమాణ గ్రంథమని ఆయనే ఆ వ్యాకరణములో వ్రాశాడు. అయినను ఒక్క చోట ఆయన తన నియమమును తానే సడలించాడు. ప్రార్థనా గ్రంథములోని పాత కీర్తనల అనువాదములో దేవునికి 'మోస్ట్ హైయెస్ట్' అను బిరుదు ఉన్నది. వ్యాకరణమును బట్టి అది రెట్టింపు తప్పు. కాని ఎత్తైనవారందరికంటె ఎత్తైనవానికి ఆ మాట ప్రత్యేకముగా తగియున్నదని లోత్ అన్నాడు. వ్యాకరణకర్త ఓడి బిషప్పు గెలిచిన చోటు ఇదియని మేము చమత్కారముగా అంటుంటాము. లోత్‌ను కఠినుడైన నియమకర్తగా చిత్రించుట వాడుక అయినది గాని, ఆ చిత్రము సరికాదని ఇంగ్రిడ్ టీకెన్-బూన్ వాన్ ఓస్టాడే 2011లో ప్రచురించిన గ్రంథములో చూపారు. పై ఉదాహరణ ఒక్కటే చూచినను ఆమె మాటకు బలము కనబడును.

యోనా 3:3

నీనెవె పట్టణమును కింగ్ జేమ్స్ అనువాదము 'ఎక్సీడింగ్ గ్రేట్' అని వర్ణించినది. అది చదివిన బోధకుడు హెబ్రీలో మెఓద్ ఉండునని తలంచును. లేదు. 'దేవునికి గొప్ప పట్టణము' అని అక్షరార్థము. హెబ్రీలో దేవుని పేరును ఒక వస్తువుతో చేర్చి దాని గొప్పతనమును తెలుపు వాడుక ఉన్నదని చాలమంది వ్యాకరణకర్తలు చెప్పారు. అబ్రాహామును హేతు కుమారులు పిలిచిన మాట (ఆదికాండము 23:6) ఇట్టిదే. 1953లో డి. వింటన్ థామస్ ఈ ఉదాహరణలన్నిటిని పరిశీలించి, దేవుని నామము కేవలము తీవ్రతా పదముగా ఖాళీ అయినదని చెప్పలేము, ఆ వస్తువు దేవునితో ఏదో విధముగా సంబంధపరచబడుచున్నది అని తేల్చారు.

ఇక్కడ మన తెలుగు బైబిలు 'దేవుని దృష్టికి గొప్పదై' అని దేవుని పేరును నిలుపుకొన్నది. ఆంగ్లములో 'ఎక్సీడింగ్' అనునప్పటికి నీనెవె ఒక పెద్ద ఊరు మాత్రమే అయినది. యోనా గ్రంథములోని చివరి ప్రశ్న ఏమి? లక్ష ఇరువదివేల కంటె ఎక్కువమంది జనమును, పశువులును ఉన్న ఆ పట్టణము విషయములో దేవుడు చింతింపకూడదా అనియే గదా. 3:3లో ఆ పట్టణము దేవుని దృష్టికి గొప్పదని విన్న సంఘమునకు 4:11లోని ప్రశ్న అనుకోనిదిగా ఉండదు. ఆంగ్ల వ్యాఖ్యానములను మాత్రమే చూచి ప్రసంగము సిద్ధపరచుకొను సహోదరులు ఈ ఒక్క చోట తమ చేతిలోని తెలుగు బైబిలును నమ్ముకొనుట మేలు.

మన మాటలు

తెలుగులో 'మిక్కిలి', 'మిగుల' అను రెండును మిగులు అను ధాతువుకు చెందినవి. పాత్ర నిండి ఇంకను మిగిలినది. 'ఎక్సీడింగ్' అనగా హద్దు దాటినది, భావము ఒక్కటే. 'చాల' అనునది చాలు అను ధాతువు నుండి వచ్చినది. సరిపోవునంత అని చెప్పుచు మొదలైన మాట, సరిపోవుటను మించిన దానికి పేరైనది. 'బహు', 'అతి' సంస్కృతము నుండి వచ్చినవి. మన అనువాదకులు ఈ మాటలన్నిటిని మార్చి మార్చి వాడారు. ఆదికాండము 1:31లో చాల, సంఖ్యాకాండము 14:7లో మిక్కిలి, ఈ రెండింటి క్రింద ఉన్నది ఒకే మెఓద్. కాబట్టి తెలుగులో మాట మారినంత మాత్రమున మూలములో భేదమున్నదని వాదించరాదు.

ఆంగ్లములో ప్రసంగించు మన యువ సేవకులకు ఒక మాట. 'వెరీ' అనవలసిన చోట 'టూ' అనుట మనలో పెరిగిన అలవాటు. 'టూ' అనగా తెలుగు 'మరీ'. తగినంతకు మించినది, అందుచేత పనికిరానిది. దేవుడు 'టూ మెర్సీఫుల్' అని వేదిక మీద చెప్పినప్పుడు, ఆయన కనికరము మితిమీరినదని యోనా చేసిన ఫిర్యాదునే ఆంగ్లము తెలిసినవారు వింటారు.

అరిగిపోయిన తీవ్రతా పదములు కొన్ని సంఘ మర్యాదలలో భద్రముగా ఉన్నవి. ఆంగ్లికన్ సంప్రదాయములో పాదిరిగారు రెవరెండ్, డీనుగారు 'వెరీ' రెవరెండ్, బిషప్పుగారు 'రైట్' రెవరెండ్, ఆర్చిబిషప్పుగారు 'మోస్ట్' రెవరెండ్. ఇందులో 'రైట్'కు సరియైన అను అర్థము లేదు. 15వ శతాబ్దములో చాలా అను అర్థములో విరివిగా వాడబడిన క్రియావిశేషణమది. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది దోర్నకల్లుకు వచ్చిన వి.ఎస్. అజరయ్యగారు మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు. ఆయన పేరుకు ముందు వ్రాసిన 'రైట్' ఆ పాత మాటయే. దక్షిణ ఇండియా సంఘములో బిషప్పులకు 'రైట్', మాడరేటరుగారికి 'మోస్ట్' వాడుట అందరెరిగినదే. 'వెరీ' కంటె 'రైట్' పై మెట్టున ఎందుకున్నదని విద్యార్థులు అడుగుతారు. వ్యాకరణములో దానికి జవాబు లేదు, అది మర్యాద మాత్రమే.

అరుగుదల

1754లో లార్డ్ చెస్టర్‌ఫీల్డు ఒక లండను పత్రికలో, ఆ కాలపు నాగరిక స్త్రీలు 'వాస్ట్‌లీ' అను మాటను ఎట్లు వాడుచున్నారో ఎగతాళి చేశాడు. ఒకామె ఒక చిన్న బంగారు నస్యపు డబ్బీని చూచి, అది విశాలముగా చిన్నది గనుక విశాలముగా ముద్దుగా ఉన్నదని మెచ్చుకొన్నదట. నస్యము పీల్చు పురుషులు అట్టి మాటలు వాడలేదని మేము నమ్మము. ఏమైనను సంగతి నిజము. కొలతను చెప్పుటకు పెద్ద మాటను తెచ్చుదురు, అది వాడగా వాడగా చిన్నదగును, అప్పుడు ఇంకొక పెద్ద మాట కావలెను.

బోధకులకు దీనిలో నష్టము కలిగిన చోటు భయభక్తులను తెలుపు మాటలు. 'ఆఫుల్' అనగా ఒకప్పుడు భక్తిపూర్వకమైన భయము పుట్టించునది. 'టెరిబుల్' అను మాటను కింగ్ జేమ్స్ అనువాదము ద్వితీయోపదేశకాండము 7:21లో దేవునికే వాడినది. 19వ శతాబ్దము నాటికి 'ఆఫుల్‌లీ నైస్', 'టెరిబ్‌లీ కైండ్' అని తేనీటి బల్ల దగ్గర మాట్లాడుకొనుట సామాన్యమైనది. ఆ తరువాత ఆ విశేషణములు దేవునికి వాడుటకు వీలులేకపోయినవి. ఆంగ్ల అనువాదకులు 'ఆసమ్' అని వేరొక మాట తెచ్చుకొన్నారు. మన కాలములో అదియు ఐస్‌క్రీముకు, సినిమాకు చెల్లిపోయినది. తెలుగులో 'భయంకరంగా బాగుంది' అను వాడుక యువకుల నోట వినబడుచున్నది గాని, బైబిలులోని 'భీకరుడు' ఇంకను తన బరువును కోల్పోలేదు.

2003లో ఇటో, టాగ్లియామోంటే అను ఇద్దరు భాషాశాస్త్రజ్ఞులు యార్కు నగరవాసుల మాటలను రికార్డు చేసి పరిశీలించి, పెద్దవారు 'వెరీ' వాడుచుండగా యువతరము 'రియల్‌లీ' వైపు వెళ్లుచున్నదని చూపారు. మర్రే వ్యాకరణము వెలువడిన యార్కు అదే. రియల్‌లీ అనగా నిజముగా. వెరీ అనగా ఒకప్పుడు నిజముగా. సత్యమను అర్థము పూర్తిగా అరిగిపోయిన మాటను విడిచి, మరల సత్యమను మాటనే తెచ్చుకొన్నారు.

చివరిగా మార్కు 14:33-34 చూడవలెను. గెత్సేమనేలో ప్రభువు వేదనను చెప్పుటకు కింగ్ జేమ్స్ అనువాదము 'సోర్', 'ఎక్సీడింగ్' అను మాటలను కూడా వాడినది. తెలుగులో మొదటిచోట 'మిగుల విభ్రాంతి' అని ఉన్నది; సమాంతరమైన మత్తయి 26:38లో 'బహు దుఃఖము' అని ఉన్నది. గ్రీకులో ఈ చోట్ల స్ఫోద్ర గాని, లియాన్ గాని లేదు. మొదటిచోట 'ఎక్' అను ఉపసర్గ చేరిన క్రియ, రెండవచోట 'పెరి' అను ఉపసర్గ చేరిన విశేషణము, అనగా చుట్టును దుఃఖము ఆవరించిన అని. దాని తరువాత ఆ దుఃఖము ఎంతయో చెప్పుటకు సువార్తికుడు క్రియావిశేషణమును వాడలేదు, 'మరణము వరకు' అని హద్దును చెప్పాడు. తెలుగు బైబిలులో అది 'మరణమగునంతగా'. ఆంగ్ల అనువాదములు ఈ వచనములో 'ఎక్సీడింగ్', 'వెరీ', 'డీప్‌లీ', 'ఓవర్‌వెల్మ్డ్' అని మాటలు మార్చుచు వచ్చినవి. మరణము అను మాటను మాత్రము మార్చవలసిన అవసరము వాటిలో దేనికిని రాలేదు.